కిట్టుని ఇంట్లో ఉంచాలా, వీధిలోకి వదలాలా?

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మేము చిత్తూరు గ్రీమ్స్‌పేటలో పెరడు ఉన్న ఇంట్లో ఉండేవాళ్ళం. మావారి రిటైర్మెంట్ తర్వాత తిరుపతి వచ్చి, జీవకోనలో రెండో అంతస్తు పోర్షన్‌లో అద్దెకుంటున్నాం. మాకు రెండున్నరేళ్ళ పసుపు చారల మగపిల్లి ఉంది, పేరు కిట్టు. చిత్తూరులో పగలంతా పెరట్లో తిరిగి చీకటి పడేసరికి ఇల్లు చేరేవాడు. ఇక్కడ మెట్లు దిగి వీధుల వెంట పోతున్నాడు. చెవి చీల్చుకుని వచ్చాడు. పోయిన నెల మూడు రోజులు కనిపించలేదు, వచ్చేసరికి దవడ కింద చీముగడ్డ. ఉడతల్ని, తొండల్ని పట్టుకొచ్చి గుమ్మంలో పడేస్తాడు. మేము నీచు తినం. అది చూస్తే మా అత్తగారికి ఆ పూట అన్నం సయించదు. అయినా ఆవిడే, "నోరులేని జీవాన్ని గదిలో వేసి తలుపేస్తే పాపం, పిల్లి అన్నాక తిరగాలి" అంటారు. మావారేమో ఇంట్లోనే కట్టేద్దామంటారు. పొద్దున బండి తీసేటప్పుడు పిల్లి ఎదురొస్తోందని కింది పోర్షన్ వాళ్ళు గొడవ. వచ్చే నెలలో మా అమ్మాయి కాన్పుకి వస్తోంది. పిల్లి ఉంటే కడుపులో బిడ్డకు ప్రమాదమని, ఎక్కడైనా వదిలేసి రమ్మని చుట్టాలు పోరు పెడుతున్నారు. నాకు మనసు ఒప్పట్లేదు. ఒకటే టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, తిరుపతి

సమాధానం:

అమ్మా, ముందు సూటిగా చెప్పేస్తాను. కిట్టుని ఇంట్లోనే ఉంచండి. ఎవరు చెప్పినా ఎక్కడా వదిలిపెట్టి రావద్దు. మీ అమ్మాయి నిశ్చింతగా కాన్పుకి రావచ్చు. అయితే వాడికి పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ చేయించకుండా, ఇప్పుడు పెడుతున్న తిండే పెడుతూ, ఇంట్లో వాడికంటూ ఏ ఏర్పాటూ చేయకుండా తలుపు మాత్రం వేసేస్తే మీ అత్తగారు భయపడుతున్నదే జరుగుతుంది. వాడు రాత్రంతా అరుస్తాడు, తలుపుల మీద, పరుపుల మీద ఉచ్చ చిమ్ముతాడు, పదిరోజులకు మీరే విసిగి తలుపు తీస్తారు. అందుకే తలుపు వేయడం కన్నా ముందు చేయాల్సిన పనుల గురించే ఎక్కువ రాస్తాను.

మీ అత్తగారి మాట తీసిపారేయకండి. ఆవిడ చూసిన పిల్లుల బతుకు వేరు. పల్లెలో పిల్లికి పశువుల కొట్టం ఉంది, గడ్డివాము ఉంది, ధాన్యం ఉన్నచోట ఎలుకలున్నాయి. కుక్కలు కూడా ఆ నాలుగిళ్ళవే, మొహం తెలిసినవే. పొద్దుపోయాక రోడ్డు మీద బండి చప్పుడుండదు. అక్కడ పిల్లిని ఇంట్లో కూర్చోబెట్టాలన్న ఆలోచనే ఎవరికీ రాదు. కానీ ఆవిడనే నెమ్మదిగా ఒక మాట అడగండి. ఆ పిల్లులు ఎన్నేళ్ళు బతికేవి? తల్లిపిల్లి తన పిల్లల్ని ఏడిళ్ళు తిప్పుతుందని మనమే అంటాం. నాలుగు పిల్లల్ని పెడితే ఏడో ఇల్లు చేరేసరికి ఎన్ని మిగిలేవి? ఒకటి కనబడకుండా పోతే ఇంకొకటి వచ్చేది. పోయినదానికి ఏమైందో ఎవరూ వెతికేవాళ్ళు కాదు. మంచి తిండి, టీకాలు, ఆపరేషన్ ఉన్న ఇంటిపిల్లి 12 నుంచి 15 ఏళ్ళు బతకడం మామూలు విషయం. ఆవిడకు పాపభీతి ఉంది కాబట్టి ఈ లెక్క అర్థమవుతుందని నా నమ్మకం.

ఇప్పుడు మీ వీధి సంగతి. కిట్టు దవడ కింద గడ్డ ఎలా వచ్చిందో మీకు తెలియాలి. అది వేరే గండుపిల్లి కాటు. పిల్లి కోర సన్నగా, లోతుగా దిగుతుంది. పైన తోలు ఒకటి రెండు రోజుల్లో మూసుకుపోతుంది, నోట్లోని సూక్ష్మజీవులు లోపల ఉండిపోయి చీము పడుతుంది. ఈ చీముగడ్డ తగ్గేదే. తగ్గనిది ఒకటుంది, ఎఫ్ఐవీ అని, పిల్లుల్లో రోగనిరోధక శక్తిని నెమ్మదిగా తినేసే వైరస్. అది ముఖ్యంగా ఇలాంటి కాట్ల ద్వారానే ఒక గండుపిల్లి నుంచి ఇంకోదానికి వెళ్తుంది. మనుషులకు అంటదు, కానీ పిల్లిని వదలదు. ఈసారి ఆసుపత్రికి వెళ్ళినప్పుడు ఆ రక్తపరీక్ష కూడా చేయమని అడగండి.

రెండోది ఎలుకల మందు. అంగళ్ళలో దొరికే కేకు మందుల్లో చాలావాటిలో బ్రోమాడియోలోన్ లాంటి రసాయనం ఉంటుంది. అది రక్తం గడ్డకట్టకుండా చేస్తుంది. తిన్న ఎలుక అక్కడికక్కడే చావదు, కొన్ని రోజులు మందకొడిగా తిరుగుతుంది, పిల్లికి తేలిగ్గా చిక్కుతుంది. అలాంటి ఎలుకల్ని తిన్న పిల్లికీ లోపల రక్తం కారే ప్రమాదం ఉంది. చిగుళ్ళు పాలిపోయి, నీరసంగా మూల పడుకుంటే ఆలస్యం చేయకూడదు. విటమిన్ కె ఇంజెక్షన్లతో వేళకు వైద్యం చేస్తే బతుకుతుంది. కానీ మందు ఏ ఇంట్లో పెట్టారో, మీ పిల్లి ఎక్కడ తిన్నదో మీకెలా తెలుస్తుంది?

వీధికుక్కల గురించి, బండ్ల గురించి మీకు నేను చెప్పనక్కర్లేదు. మీరుండేది కొండ అంచు. శేషాచలం నుంచి చిరుతలు ఎస్వీ యూనివర్సిటీ ప్రాంగణం దాకా వచ్చిన వార్తలు తిరుపతిలో అందరూ విన్నవే. అయినా కిట్టుకి చిరుత కన్నా కుక్కల గుంపు, మలుపు తిరిగే ఆటో ఎక్కువ ప్రమాదం. మేలోని గంగమ్మ జాతర డప్పులకి, దీపావళి టపాకాయలకి బెదిరి పారిపోయి దారి తప్పే పిల్లులు కూడా ఉంటాయి.

మీరు గుమ్మంలో చూస్తున్న ఉడతలు, తొండలు కూడా ప్రాణాలే కదా. శేషాచలాన్ని 2010లో జీవావరణ రిజర్వుగా ప్రకటించారు. ఆ బండల సందుల్లో బంగారు బల్లి లాంటి అరుదైన జీవులున్నాయి, అడవిపిల్లులున్నాయి. ఊరిపిల్లుల జబ్బులు అడవిపిల్లులకు పాకగలవు. పిల్లి వేట చిన్న విషయమేమీ కాదు. అమెరికాలో పిల్లులు ఏటా 130 నుంచి 400 కోట్ల పక్షుల్ని చంపుతున్నాయని 2013లో అంచనా కట్టారు, అందులో ఎక్కువ భాగం యజమాని లేని పిల్లులదే. ఈ వాదన అన్ని దేశాల్లోనూ నడుస్తోంది. ఆస్ట్రేలియా రాజధాని కాన్‌బెర్రా ఉన్న ప్రాంతంలో 2022 జూలై 1 నుంచి పుట్టిన పిల్లులన్నిటినీ ఇంటి హద్దుల్లోనే ఉంచాలని చట్టం ఉంది. ఇంగ్లండులో మాత్రం పిల్లిని బయటికి వదలడమే వాడుక. అక్కడ 2024 జూన్ 10 నుంచి పెంపుడు పిల్లికి మైక్రోచిప్ తప్పనిసరి చేశారు. వాళ్ళ ఊళ్ళ పరిస్థితులు వాళ్ళవి. పైగా బ్రిటన్‌లో వీధికుక్కలు లేవు, కుక్కల రేబిస్ లేదు. మనకు రెండూ ఉన్నాయి. ఆ ఒక్క తేడా చాలు, మన ఊళ్ళో నేను తలుపు లోపలి వైపే మాట్లాడడానికి.

సరే, పనుల్లోకి వద్దాం. అన్నిటికన్నా ముందు ఆపరేషన్. కిట్టు తప్పుచేస్తున్న పిల్లి కాదమ్మా. వాడి వయసు, వాడి రక్తం వాడిని తిప్పుతున్నాయి. ఎక్కడో పెంటిపిల్లి ఎదకు వస్తే ఆ వాసన, ఆ అరుపు చాలు, గండుపిల్లి తిండి కూడా మరిచిపోయి రోజుల తరబడి పోతుంది. మూడు రోజులు కనిపించకపోవడానికి కారణం అదే అయ్యుంటుంది. వృషణాలు తీసే ఆపరేషన్ చేయిస్తే పది గండుపిల్లుల్లో ఎనిమిది తొమ్మిదింటికి తిరుగుడు, కొట్లాట, ఉచ్చ చిమ్మడం బాగా తగ్గుతాయి. అదే రోజు తగ్గిపోదు, ఒంట్లోని హార్మోన్ దిగడానికి కొన్ని వారాలు పడుతుంది. చిన్న ఆపరేషనే. మీ ఊళ్ళోనే శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం ఉంది. అక్కడి పశువైద్య కళాశాల 1955 నుంచి నడుస్తోంది, దాని ఆసుపత్రికి తీసుకెళ్ళండి. దవడ పుండు పూర్తిగా మానిందో లేదో వాళ్ళే చూసి రోజు చెప్తారు. గోనెసంచిలో వేసుకుని వెళ్ళకండి. మూత ఉన్న ప్లాస్టిక్ బుట్టలో పాత తువ్వాలు పరిచి, రెండు రోజులు ముందే దాన్ని ఇంట్లో పెట్టి అలవాటు చేయండి.

అదే రాకపోకల్లో టీకాలు కూడా వేయించండి. రేబిస్ టీకా తప్పనిసరి, తర్వాతివి ఎప్పుడో డాక్టరు కార్డు మీద రాసిస్తారు. రెండోది మూడు జబ్బులకు కలిపి వేసే టీకా. అందులో ఒకటైన పాన్‌ల్యూకోపీనియా అనే వైరస్ జబ్బు మన చెప్పులకు అంటుకుని కూడా ఇంట్లోకి రాగలదు. ఆ వైరస్ నేల మీద నెలల తరబడి చావదు. అందుకే బయటికి పోని పిల్లికి టీకాలెందుకని మానేయకూడదు.

ఆపరేషన్ తర్వాత ఎలాగూ వారం పదిరోజులు బయటికి వదలకూడదు. ఆ పదిరోజుల్నే ఇంటి బతుక్కి మొదటి మెట్టుగా వాడుకోండి. ఒంట్లో కాస్త నీరసం ఉంటుంది, మీరు దగ్గర కూర్చుని తినిపిస్తారు, వాడు ఆ గదికి అలవాటు పడతాడు. పుండు మానాక మళ్ళీ వదలకుండా అలాగే కొనసాగించండి. తెల్లవారుజామున తలుపు దగ్గర అరుస్తాడు. పిల్లికి సహజంగా హుషారు వచ్చేది చీకటి విచ్చేవేళ, చీకటి పడేవేళ. అప్పుడు జాలిపడి ఒక్కసారి తలుపు తీశారా, అరిస్తే తీస్తారని నేర్చుకుంటాడు, రేపు ఇంకా గట్టిగా అరుస్తాడు. ఇంటిల్లిపాదీ ఒకే మాట మీద ఉండాలి, ముఖ్యంగా మీ అత్తగారు. మూడు నాలుగు వారాలు ఓపిక పట్టండి. రోజుకి 12 నుంచి 16 గంటలు నిద్రపోయే జంతువు ఇది. మిగిలిన గంటలకు ఏం వ్యాపకం కల్పిస్తామన్నదే మన పని.

ఇప్పుడు తిండి. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ బాధపెట్టింది ఇదే, ఎందుకంటే మీరు రాయలేదు. నీచు వండని ఇంట్లో పిల్లికి పెట్టేది పాలన్నం, పెరుగన్నమే అయ్యుంటుందని అనుకుంటున్నాను. ప్రేమగానే పెడతారు, వాడూ తింటాడు. కానీ పిల్లి శరీరం దానితో బతకలేదు. కుక్క అన్నం తిని నెట్టుకొస్తుంది, పిల్లి అలా కాదు. టారిన్ అనే పదార్థాన్ని పిల్లి తన ఒంట్లో సరిపడా తయారుచేసుకోలేదు, అది మాంసంలోనే దొరుకుతుంది. టారిన్ లోపిస్తే కంటి లోపలి పొర చెడి చూపు పోతుందని 1975లో, గుండె కండరం బలహీనపడుతుందని 1987లో పరిశోధకులు తేల్చారు. పాల విషయానికొస్తే, ఎదిగిన పిల్లుల్లో చాలావాటికి పాలు అరగవు, విరేచనాలు పట్టుకుంటాయి. కిట్టు ఉడతల్ని పట్టడంలో వేట సరదా ఎంతో కొంత ఉంది, నిజమే. తీరని ఆకలి కూడా ఉండొచ్చు.

మీరు ఇంట్లో మాంసం వండనక్కర్లేదు. అంగళ్ళలో దొరికే పిల్లుల మేత, ఎండు గింజల రూపంలోది, టారిన్ కలిపే తయారవుతుంది. పెద్దపిల్లులకు పూర్తి ఆహారం అని ప్యాకెట్ మీద రాసి ఉన్నదే కొనండి, కుక్కల మేత కొనకండి. దాన్ని వరండాలో ఒక మూల, వేరే గిన్నెలో పెట్టండి. వంటింటికి, పూజగదికి సంబంధం ఉండదు, అత్తగారికి ఇబ్బంది ఉండదు. అభ్యంతరం లేకపోతే అప్పుడప్పుడూ ఉడికించిన గుడ్డు ముక్క ఇవ్వొచ్చు. పచ్చిమాంసం మాత్రం ఎవరిచ్చినా వద్దు, కారణం అమ్మాయి విషయంలో చెప్తాను. ఒక్కసారిగా మార్చకుండా పాత తిండిలో కొద్దికొద్దిగా కలుపుతూ వారం పదిరోజుల్లో మార్చండి. ఎండుమేత తినే పిల్లికి నీళ్ళు ఎక్కువ కావాలి. మూడుచోట్ల మట్టి మూకుళ్ళలో పెట్టండి, వేసవిలో పూటకొకసారి మార్చండి.

2021లో ఇంగ్లండులోని ఎక్సెటర్ యూనివర్సిటీ వాళ్ళు ప్రచురించిన ఒక పరిశోధన మీకు పనికొస్తుంది. మాంసం ప్రొటీన్ ఎక్కువ ఉన్న మేత పెట్టిన ఇళ్ళలో పిల్లులు తెచ్చే వేట 36 శాతం తగ్గింది. రోజూ ఐదు పది నిమిషాలు ఆడించిన ఇళ్ళలో 25 శాతం తగ్గింది. మెడలో గంట కట్టిన పిల్లుల్లో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఎవరైనా గంట కట్టమని సలహా ఇస్తే ఆ డబ్బుతో మేత కొనండి.

ఆడించడం అంటే పెద్ద పనేమీ లేదు. కర్రకు దారం కట్టి చివర ఈక గానీ గుడ్డముక్క గానీ కట్టి నేల మీద లాగండి, దాచండి, మళ్ళీ బయటికి తీయండి. వాడు పొంచి, ఉరికి, పట్టుకోవాలి. చివరికి తప్పకుండా పట్టుకోనివ్వాలి. ఆ వెంటనే రాత్రి తిండి పెట్టండి. వెంబడించడం, పట్టడం, తినడం, పడుకోవడం పిల్లి ఒంట్లో ఉన్న వరస. ఇలా చేస్తే తెల్లవారుజాము అరుపులు చాలా తగ్గుతాయి. చేతివేళ్ళతో మాత్రం ఆడించకండి, రేపు పసిబిడ్డ వేళ్ళు కూడా ఆటవస్తువులే అనుకుంటాడు. ఆట అయ్యాక దారం బీరువాలో పెట్టేయండి. పూలు కట్టే దారం కూడా కింద వదలొద్దు. పిల్లి నాలుకకున్న ముళ్ళు లోపలికి తిరిగి ఉంటాయి, పట్టిన దారం మింగడమే గానీ కక్కలేదు. పేగులు ముడుచుకుపోయి పెద్ద ఆపరేషన్ దాకా వెళ్తుంది.

ఇంట్లో వాడికి నాలుగు వసతులు కావాలి. మొదటిది ఎత్తు. బీరువా మీద, అటక మీద ఒక చాప వేసి ఎక్కే దారి చూపించండి. చుట్టాలు ఎక్కువైనప్పుడు, బిడ్డ ఏడ్చినప్పుడు వాడు తప్పుకునే చోటు అది. రెండోది గోళ్ళు గీరుకునే కొయ్య. ఒక బలమైన కర్రకు కొబ్బరితాడు దగ్గరగా చుట్టి, కదలకుండా నిలబెట్టండి. వాడు వెనక కాళ్ళ మీద నిలబడి ఒళ్ళు విరుచుకునేంత పొడవుండాలి. సోఫా బతుకుతుంది.

మూడోది ఇసుక తొట్టి. వెడల్పాటి ప్లాస్టిక్ టబ్బులో రెండు మూడు అంగుళాలు జల్లించిన ఇసుక గానీ, అంగట్లో దొరికే వాసన కలపని లిట్టర్ గానీ పోయండి. ఒక పిల్లికి రెండు టబ్బులుంటే మంచిది. తిండిగిన్నెకు దూరంగా, జనం నడవని చోట పెట్టండి. బాత్రూం పక్కన వాషింగ్ మెషిన్ ఉంటే అక్కడ వద్దు, ఆ చప్పుడుకి బెదిరి ఇంకోచోట వెళ్తాడు. రోజూ శుభ్రం చేయాలి. పూలకుండీల్లో పారబోయకుండా కవర్లో కట్టి చెత్తబండికి ఇవ్వండి.

నాలుగోది బయటి గాలి, ఇదే నాకు ముఖ్యమనిపిస్తుంది. మీ బాల్కనీకి జాలీ కొట్టించండి. అంగుళం గళ్ళ ఇనుప జాలీ అయితే మంచిది. పావురాల కోసం కట్టే నైలాన్ వలను పళ్ళతో కొరికేస్తాయి. అద్దె ఇల్లు కాబట్టి గోడకు బెజ్జాలు వేయకుండా గ్రిల్‌కే కట్టే ఫ్రేము చేయించవచ్చు, ఇంటి ఓనరుకి ముందే చెప్పండి. రెండో అంతస్తు నుంచి పడినా పిల్లి కాళ్ళ మీదే పడుతుందిలే అనుకోకండి. న్యూయార్కులో ఎత్తైన భవనాల మీంచి పడిన 132 పిల్లుల వివరాలు 1987లో ప్రచురించారు. ఎక్కువభాగం వైద్యంతో బతికాయి గానీ ఛాతీకి, దవడకి గట్టి దెబ్బలు తగిలాయి. జాలీ పడ్డాక ఆ బాల్కనీలో ఒక స్టూలు, రెండు కుండీలు, పిల్లి తినే గడ్డికి కాస్త గోధుమలు చల్లిన మూకుడు పెట్టండి. వీధి కనబడుతుంది, పక్షులు కనబడతాయి, ఎండ తగులుతుంది. మీ అత్తగారు సాయంత్రం పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంటే ఇద్దరికీ కాలక్షేపం. పడమటి బాల్కనీ అయితే ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం లోపలి తలుపు తీసే ఉంచాలి. తిరుపతి ఎండ 40 డిగ్రీలు దాటే రోజుల్లో ఆ ఇరుకులో చిక్కుకుంటే వడదెబ్బ తగులుతుంది. పిల్లి కుక్కలాగా నోరు తెరిచి రొప్పుతోందంటే అప్పటికే ప్రమాదంలో ఉన్నట్టు.

ఇల్లు వాడికి పూర్తి ప్రపంచం అయ్యాక ఇంట్లోని విషాలు కూడా చూసుకోవాలి. ఫినాయిల్ తో నేల తుడవడం మానండి. తడి నేల మీద నడిచి పాదాలు నాక్కుంటాడు, ఆ రసాయనాన్ని పిల్లి కాలేయం విరగ్గొట్టలేదు. సబ్బునీళ్ళు చాలు. బట్టల్లో వేసే నాఫ్తలీన్ ఉండలు అందకుండా పెట్టండి. జ్వరమొచ్చిందని పారాసెటమాల్ ముక్క వేయడం మన ఇళ్ళలో అలవాటు. పిల్లికి ఒక్క మాత్ర ప్రాణం తీస్తుంది. కుక్కలకు గోమార్ల కోసం రాసే మందుల్లో కొన్ని కూడా అంతే.

మీ అమ్మాయి సంగతికి వస్తాను. చుట్టాలు భయపడుతున్నది టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి గురించి. అది నిజంగా ఉంది, గర్భిణికి కొత్తగా సోకితే బిడ్డకు ప్రమాదమూ నిజమే. కానీ అది పిల్లిని తాకితేనో, పిల్లి ఒళ్ళో కూర్చుంటేనో వచ్చేది కాదు. ఎలుకనో పక్షినో పచ్చిమాంసాన్నో తిన్న పిల్లికి మొదటిసారి సోకినప్పుడు ఒకటి నుంచి మూడు వారాల పాటు దాని మలంలో ఆ పరాన్నజీవి గుడ్లు వస్తాయి. అవి కూడా బయటపడిన వెంటనే అంటవు. ఒకటి నుంచి ఐదు రోజులు పట్టి అప్పుడు అంటే స్థితికి వస్తాయి. అంటే రోజూ తొట్టి శుభ్రం చేసే ఇంట్లో ప్రమాదం బాగా తగ్గిపోతుంది. ఆ పని మీరో, మీవారో చేయండి, అమ్మాయి మాత్రం చేయకూడదు. కిట్టు వేట మానేసి, ప్యాకెట్ మేత తింటూ ఇంట్లో ఉంటే కొత్తగా సోకే దారే మూసుకుపోతుంది. ఈ కారణానికే అమ్మాయి వచ్చేలోపు వాడిని లోపలికి అలవాటు చేయమంటున్నాను. వీధిలో వదిలేసి వస్తే ఆ పరాన్నజీవి ఊళ్ళోంచి పోదు. సరిగా కడగని ఆకుకూరల ద్వారా, తోటమట్టి ద్వారా, సరిగా ఉడకని మాంసం ద్వారా కూడా అది మనిషికి వస్తుంది. కూరగాయలు బాగా కడగడం, కుండీల పని చేశాక చేతులు సబ్బుతో కడుక్కోవడం పిల్లి లేని ఇంట్లో కూడా పాటించాల్సినవే. కాన్పు డాక్టరమ్మకు ఇంట్లో పిల్లి ఉందని చెప్పండి. అవసరమనుకుంటే రక్తపరీక్ష రాస్తారు.

బిడ్డ పుట్టాక పిల్లి ఊపిరి పీల్చేస్తుందన్న మాట నమ్మకండి. జాగ్రత్త మాత్రం పడాలి. పిల్లికి వెచ్చటి చోటంటే ఇష్టం, ఉయ్యాలలోకి దూకి పడుకోవచ్చు. ఉయ్యాల ముందే కట్టేసి, దానిమీద గట్టి దోమతెర వేసి, ఎక్కబోతే దించేసి, ఇది మన చోటు కాదని వాడికి నెలరోజుల ముందే తెలియనివ్వండి. బిడ్డ, పిల్లి ఉన్న గదిలో పెద్దవాళ్ళు ఒకరు తప్పకుండా ఉండాలి. ఎవరినైనా కరిచినా, రక్తం వచ్చేలా గీరినా సబ్బు, నీళ్ళతో 15 నిమిషాలు కడిగి అదే రోజు ప్రభుత్వ ఆసుపత్రిలో చూపించండి. ఇంటిపిల్లే కదా అని వదిలేయొద్దు.

కింది పోర్షన్ వాళ్ళతో శకునాల మీద వాదన పెట్టుకోకండి. తన దారిన పోయే జంతువులో అపశకునం ఏమీ లేదని నేను గట్టిగా నమ్ముతాను, కానీ వాదించి ఎవరి నమ్మకాన్నీ మార్చలేం, కోపంలో రాయి పడేది పిల్లి మీద. ఇకనుంచి ఇంట్లోనే ఉంచుతున్నామని ఒక మాట చెప్తే సరిపోతుంది.

ఇంట్లో ఉండే మగపిల్లుల్లో ఒక జబ్బు చూస్తుంటాం, ఇది మీరు గుర్తుపెట్టుకోవాలి. నీళ్ళు తక్కువ తాగి, కదలిక లేక, టెన్షన్ పడే పిల్లికి మూత్రనాళం మూసుకుపోతుంది. మాటిమాటికీ తొట్టిలో కూర్చుని ముక్కుతాడు, చుక్క రాదు, అరుస్తాడు. మలబద్ధకమని పొరపడి ఆముదం పట్టేవాళ్ళున్నారు. అది ప్రాణం మీదికి వచ్చే సమస్య. తెల్లవారేదాకా చూద్దాం అనుకోకుండా ఆసుపత్రికి తీసుకుపోవాలి, ఒకటి రెండు రోజులు దాటితే బతకడం కష్టం. ఇంకొకటి, ఆపరేషన్ అయిన పిల్లి లావెక్కుతుంది. గిన్నె నింపి వదిలేయకుండా మేత కొలిచి రెండు పూటలా పెట్టండి.

ఇన్నీ చేశాక కూడా ఎన్ని వారాలకీ లోపల ఇమడకపోతే? కొన్ని పిల్లులు ఉంటాయి అలా. అప్పుడు ఛాతీ చుట్టూ వేసే పట్టీ (హార్నెస్) కట్టి మిద్దె మీదికి రోజూ సాయంత్రం మీ చేత్తో తీసుకెళ్ళి తిప్పండి. మెడపట్టీ వద్దు, తప్పించుకుంటాడు, చిక్కుకుంటే ఉరి పడుతుంది. కోతులు వచ్చే వేళల్లో వద్దు. ఒంటరిగా వదలడానికి నేను ఒప్పుకోను.

సీమంతం రోజున, బారసాల రోజున జాగ్రత్త. చుట్టాలు వస్తూ పోతూ ఉంటారు, వీధి తలుపు బార్లా తీసే ఉంటుంది, అంత సందడికి కిట్టు మెట్లు దిగి ఉరుకుతాడు. ఆ రోజు పొద్దున్నే వాడిని ఒక గదిలో తొట్టి, నీళ్ళు, మేతతో ఉంచి, తలుపుకి బయట తాళం వేసి, తాళంచెవి మీ కొంగుకి కట్టుకోండి. పిల్లలు చూడాలని మారాం చేసినా తీయొద్దు. ఒకవేళ జారిపోయినా దూరం పోయాడని కంగారు పడకండి. ఇంటికి అలవాటు పడ్డ పిల్లి బెదిరితే సాధారణంగా దగ్గర్లోనే, మెట్ల కిందో, కారు కిందో, పక్కింటి సామాన్ల సందులోనో నక్కి ఉంటుంది. రద్దీ తగ్గాక, రాత్రి పదకొండు తర్వాత, వాడి మేత డబ్బా ఆడిస్తూ మీరొక్కరే చుట్టుపక్కల నాలుగిళ్ళు వెతకండి. గుంపుగా వెళ్ళి పిలవొద్దు. తెల్లారేదాకా దొరక్కపోతే మీ వీధి వాట్సాప్ గ్రూపులో ఫొటో పెట్టండి. అందుకోసం వాడి చారలు రెండు వైపులా కనబడేలా ఫొటోలు ఇప్పుడే తీసి ఫోనులో ఉంచుకోండి.